ఆగడం అకర్మకం, ఆపడం సకర్మకం

మా కోల్డ్ స్టోరేజీలో కంప్రెసరు ఎన్నిసార్లు ఆగిపోయినా మళ్ళీ దానంతటదే తిరిగేలా చేసినవాణ్ణి నేను. కొన్నాళ్ళు ఈ మాట అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. తర్వాత ఒక మే నెల ఆదివారం, ఆ మిషను నడిపే మనిషికి రెండు చేతులూ ఉంటాయో పోతాయో తెలియని కొంతసేపు గడిచింది. అప్పట్నుంచి చెప్పడం తగ్గించాను.

రెండు వేల ఐదో, ఆరో. ఎం.సి.ఏ. పూర్తి చేసి, హైదరాబాదులో ఎనిమిది నెలలు ఉద్యోగాన్ని వెతికి, ఉద్యోగం నన్ను వెతకడం లేదని రూఢి చేసుకుని గుంటూరు వచ్చేశాను. నల్లపాడు దాటాక చేల మధ్య ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా చేరాను. సిస్టమ్ ఒకటే. నా చేతికింద ఎవరూ లేరు కాబట్టి ఇన్‌ఛార్జి అన్నమాట కూడా గౌరవార్థమే.

రైతులు ఎండు మిర్చిని గోతాల్లో తొక్కి తెచ్చేవాళ్ళు. మా వైపు ఆ గోతాల్ని టిక్కీలంటారు. మంచి ధర వచ్చేదాకా ఆ టిక్కీలు మా చల్లగదుల్లో, ఒకదాని మీద ఒకటి, మేడ ఎత్తున కూర్చునేవి. లోపల వణుకు, బయట నలభై నాలుగు డిగ్రీలు, రెండుచోట్లా మిర్చి ఘాటు. తుమ్మడం మానడానికి నాకు నెల పట్టింది.

ఆ గదుల్ని చల్లబరిచే కంప్రెసరు వెనకవైపు మిషన్ రూములో ఉండేది. ఇటు పెద్ద మోటారు, అటు మనిషి ఛాతీ ఎత్తు ఇనప చక్రం, రెంటినీ కలుపుతూ నాలుగు బెల్టులు. అది తిరుగుతున్నప్పుడు బెల్టులు కనపడవు. పక్కన నిలబడితే చొక్కా ఎగురుతుంది, అంతే.

దాన్ని నడిపే ఆపరేటరు ప్రత్తిపాడు ఆయన. యాభై దాటాయి. మిషను దింపిన రోజునుంచీ దానితోనే ఉన్నాడు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను "కంప్యూటరూ" అని పిలిచేవాడు. పేరు తెలియక కాదు. పేరు పెట్టి పిలిచేంత పని నేనింకా ఏమీ చేయలేదని ఆయన అభిప్రాయం.

మా ఓనరు గారు ఎక్కడో ఒక ఎగ్జిబిషన్‌లో చూసి ముచ్చటపడి, కంప్రెసరుని కంప్యూటరుతో నడిపే ఏర్పాటు కొనుక్కొచ్చారు. ఆఫీసు గదిలో కంప్యూటరు, దాన్నుంచి తీగలు మిషన్ రూములోని స్విచ్ బోర్డు దాకా. తెరమీద ఒక బటను నొక్కితే ఒక 'రన్' మొదలవుతుంది. ముందు గదుల్లో ఫ్యాన్లు, తర్వాత కంప్రెసరు, గదులు చల్లబడ్డాక అన్నీ నిలిచిపోవడం. మధ్యలో ఏ అడ్డు తగిలినా తెరమీద ఎర్రటి అక్షరాల్లో 'ఫెయిల్డ్' అని వచ్చేది. అప్పుడు ఒక మనిషి మళ్ళీ బటను నొక్కాలి. ఆ మనిషిని నేను. నేను చదివిన ఎం.సి.ఏ. మొత్తం ఆ చూపుడువేలులోకి దిగింది.

ఎండాకాలం కరెంటు రోజుకి పదిసార్లు పోయేది. కంప్యూటరు బ్యాటరీ మీద బతికేది, కంప్రెసరు ఆగేది. పదిసార్లూ ఫెయిల్డ్. నేను పదిసార్లూ ఆ తెరముందు ఉండాలి. టిఫినుకి వెళితే ఫెయిల్డ్, బాత్రూముకి వెళితే ఫెయిల్డ్. ఒకరోజు విసుగుపుట్టి, ఒక కంప్యూటరు పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలోంచి పైథాన్ ఎక్కించుకుని, పదకొండు లైన్లు రాశాను. రన్ మొదలుపెట్టు. సక్రమంగా ముగిస్తే సరే. లేకపోతే అరగంట ఆగి, మళ్ళీ మొదలుపెట్టు. అది కూడా ఫెయిలైతే మళ్ళీ అరగంట, మళ్ళీ మొదలు. ఎన్నిసార్లు అంటే, అయ్యేదాకా. లెక్కకి హద్దు పెట్టలేదు. పట్టుదల మంచి గుణమని చిన్నప్పుడు చెప్పారు.

బాబాయ్‌కి చూపించాను.

"ఏం పేరన్నావు?"

"పైథాన్, బాబాయ్. అంటే కొండచిలువ."

"మన చేలో ఉన్నవి చాలకనా, దీన్ని కూడా తెచ్చి మిషనుకి చుట్టావు?"

"కరవదు బాబాయ్."

"కొండచిలువ ఎప్పుడు కరిచింది, చుట్టుకుంటుంది గానీ," అని వెళ్ళిపోయాడు.

మూడు వారాలు అది అద్భుతంగా పనిచేసింది. నేను టిఫిను కూర్చుని తిన్నాను. ఓనరు గారు నా భుజం తట్టారు. ఆయన తట్టే విషయంలో పొదుపరి కాబట్టి ఆ రోజు ఇంట్లో కూడా చెప్పాను.

బాబాయ్‌కి ఒక పద్ధతి ఉండేది. మిషను మీద చేతులు పెట్టాల్సిన పని పడితే, స్విచ్ బోర్డు మీది ఎర్ర బటను నొక్కి ఆపేవాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, మిషను మొదలయ్యే పచ్చ బటను మీద కప్పేవాడు. అదే ఆయన తాళం. ఆ తువ్వాలు అక్కడ ఉన్నంతసేపూ ఓనరు గారు కూడా బోర్డు వైపు చెయ్యి చాపరు. మెయిన్ హ్యాండిలు దించేస్తే సరిపోతుంది కదా అని నేనొకసారి సలహా ఇచ్చాను.

"దించితే గదిలో లైట్లు పోతాయి, నీళ్ళ మోటారు పోతుంది. లాభం ఒక్కటే, నీ మొహం కనపడదు."

కంప్యూటరు తీగ ఆ పచ్చ బటనుకి వెనకవైపు నుంచి వెళ్ళింది. తువ్వాలు ముందువైపు ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసు. తీగ బిగించేటప్పుడు టార్చిలైటు పట్టుకున్నది నేనే. తెలిసి ఉండటానికీ బుర్రకి తట్టడానికీ మధ్య మూడు వారాలు పడుతుందని మాత్రం తెలియదు.

శనివారం నేను బయల్దేరుతుంటే బాబాయ్ అన్నాడు, "రేపు హమాలీలు రారు. బెల్టులు అరిగిపోయాయి, నాలుగూ మార్చేస్తా. నువ్వు వస్తావా?"

"రేపు వినుకొండ వెళ్తున్నా బాబాయ్. పెళ్ళిచూపులు."

"పాపం," అన్నాడు. ఎవర్ననేది చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే అమ్మా నేనూ వినుకొండ బస్సెక్కాం. అమ్మాయి వాళ్ళ నాన్నగారికి పత్తి విత్తనాల షాపు ఉంది. అమ్మాయి తెలుగు పండిట్ ట్రైనింగ్ పూర్తి చేసింది. పదకొండు గంటలవేళకి మేం వాళ్ళ ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీల్లో, పళ్ళెంలోని మైసూరుపాకుల్ని మర్యాదగా చూస్తూ కూర్చున్నాం.

"మీరు చేసే పనేంటి బాబూ, వివరంగా?" అన్నారు నాన్నగారు.

వివరంగా అడిగేవాళ్ళు దొరకడం అరుదు. చెప్పాను. కరెంటు పోవడం, రన్ ఫెయిలవడం, పదకొండు లైన్లు, అరగంటకోసారి ప్రయత్నం.

"అంటే మీరు లేకపోయినా తిరుగుతుందా?"

"తిరుగుతుందండీ. ఇప్పుడు నేనిక్కడున్నానా, అక్కడ తిరుగుతూనే ఉంటుంది."

"మరి మీకు జీతం ఎందుకిస్తున్నారు?"

అమ్మ మైసూరుపాకు ఒకటి తీసుకుంది. మాట్లాడకుండా ఉండటానికి ఆమె వాడే ఉపాయం అది.

అప్పటిదాకా తలుపు పక్కన కుర్చీలో నిశ్శబ్దంగా ఉన్న అమ్మాయి, "ఒకటి అడగొచ్చాండీ?" అంది.

"అడగండి."

"మిషను ఆగితే మళ్ళీ తిరుగుతుందన్నారు. ఎవరైనా ఆపితే?"

"అదేనండీ, ఎందుకు ఆగినా సరే..."

"ఆగితే కాదండీ, ఆపితే. ఆగడం అకర్మకం, ఆపడం సకర్మకం. రెండోదానికి ఆపే మనిషొకరు కావాలి. దానికి ఆ తేడా తెలుస్తుందా అని."

"అమ్మాయికి వ్యాకరణంలో ఫస్టు మార్కండీ," అన్నారు నాన్నగారు గర్వంగా.

నేను నవ్వుతూ నోరు తెరిచాను. తెలుస్తుందని చెప్పబోయాను. ఆ ప్రోగ్రాముకి అందే సమాధానాలు రెండే: అయింది, కాలేదు. కరెంటు పోయినా 'కాలేదు'. ఎర్ర బటను నొక్కినా 'కాలేదు'. రెంటికీ ఒకే ఫెయిల్డ్. రెంటికీ అరగంట. తర్వాత మళ్ళీ మొదలు.

ఈపాటికి బాబాయ్ ఎర్ర బటను నొక్కి, తువ్వాలు కప్పి, చక్రం దగ్గర కూర్చుని ఉంటాడు. వేళ్ళు బెల్టుకింద ఉంటాయి.

నా నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయిందని అమ్మ తర్వాత చెప్పింది. చూడటానికి బాగాలేదంది. సెల్లు తీస్తే సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. "ఫోను," అన్నాను. వాళ్ళ ఫోనుకి ఎస్.టి.డి. లేదట. వీధి చివర బూత్ ఉందన్నారు. లేచి పరిగెత్తాను. గుమ్మంలో దొరికిన చెప్పులేసుకున్నాను. అవి నాన్నగారివని, రెండంగుళాలు పెద్దవని, సగం వీధి దాటాక తెలిసింది.

బూత్‌లో మా ఆఫీసు నంబరు తిప్పుతుంటే వేలు రెండుసార్లు తప్పింది. ఏడాదిగా బటను నొక్కడమే వృత్తిగా బతికిన వేలు. మూడోసారికి మోగింది. ఆదివారాలు ఆఫీసు గదిలో ఫ్యాను కింద మా వాచ్‌మన్ కూర్చుంటాడు. పెద్దాయన, అందరికీ తాత.

"ఆఫీసులో ఎవరూ లేరండి," అన్నాడు తాత, ఆఫీసులోంచి.

"తాతా, నేనే. కంప్యూటరు వాణ్ణి. బాబాయ్ ఎక్కడ?"

"మిషన్ రూములో ఉన్నాడు బాబూ. మా చెడ్డ కోపం మీదున్నాడు. నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు."

"ఎందుకు?"

"ఆయన కిందకి వంగి మోటారు బోల్టులు విప్పుతుంటే మిషను గిర్రున తిరిగిందంట. నేను బటను నొక్కాననుకున్నాడు. నేనెందుకు నొక్కుతాను బాబూ? నాకా రూము వాసనే పడదు."

బూత్‌లో అద్దం తలుపు వేసి ఉంది. చెమట చొక్కాలోంచి బయటికొచ్చింది. అంటే ఒకసారి అయిపోయింది. బోల్టుల దగ్గర కాబట్టి బతికిపోయాడు. మళ్ళీ ఎర్ర బటను నొక్కి ఉంటాడు. నొక్కిన క్షణంనుంచి అరగంట. బోల్టుల తర్వాత వచ్చేది బెల్టులు.

"ఎప్పుడు తిరిగింది తాతా?"

"ఇందాకే."

"ఇందాక అంటే? ఎంతసేపైంది?"

"టీ తాగకముందు."

"టీ తాగి ఎంతసేపైంది?"

"గ్లాసు ఇంకా కడగలేదు."

ఆ గ్లాసు కడగని కాలం ఐదు నిమిషాలో ఇరవై తొమ్మిదో లెక్కగట్టడానికి నా చదువులో ఏ సూత్రమూ లేదు.

"తాతా, పరిగెత్తు. బాబాయ్‌ని మిషను మీంచి చేతులు తీసెయ్యమని చెప్పు."

"అమ్మో. ఇటు వస్తే కాళ్ళిరగ్గొడతానన్నాడు. అన్నాడంటే చేస్తాడు."

"అయితే కంప్యూటరు ఆపు. నీ పక్కనే ఉంది. ఇప్పుడే ఆపెయ్."

"ఎక్కడ నొక్కాలి?"

"పెద్ద బటను ఉంటుంది. నొక్కు."

రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు. కుర్చీ జరిగింది. టక్కుమంది.

"ఆపేశాను బాబూ. అంతా నల్లబడిపోయింది."

బతికించావు తాతా అని ఫోను పెట్టేశాను. బూత్ బయటికొచ్చి, ఆ పెద్ద చెప్పుల్లో నాలుగడుగులు వేశాను. ఐదో అడుగు పడలేదు. కంప్యూటరు ఆపితే నల్లబడదు. ముందు ఆపివేస్తున్నానని చెప్పుకుంటుంది, ఆలోచిస్తుంది, చాలాసేపు బతిమాలించుకుంటుంది. టక్కుమని నల్లబడేది ఒక్కటే. తాత ఆపింది టీవీలా కనపడే తెరని. కింద డబ్బా తిరుగుతూనే ఉంది.

మళ్ళీ లోపలికి పరిగెత్తి నంబరు తిప్పాను. ఈ మార్గంలోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఒకావిడ చెప్పింది. తీయని గొంతు. మళ్ళీ తిప్పాను. ఆవిడే. ఆ గొంతులో తొందర అనేది లేదు, ఆవిడవాళ్ళ చేతులేవీ ఏ బెల్టుకిందా లేవు. నాలుగోసారికి మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు. అది మోగి మోగి తెగిపోయింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ మోగింది. ఫెయిలైతే మళ్ళీ, ఫెయిలైతే మళ్ళీ. ఆ పనిని నేను అరగంట కూడా ఆగకుండా చేస్తున్నానన్న ఆలోచన వచ్చింది కానీ దాన్ని ఆస్వాదించే స్థితిలో లేను. నాకు కనపడుతున్నవి బాబాయ్ వేళ్ళు. పొట్టివి, లావువి, గోళ్ళలో నల్లటి గ్రీజు. కుడిచేతి మధ్యవేలుకి రాగి ఉంగరం. రోజూ చూసినవే. ఆ బూత్‌లో వాటిని మొదటిసారి పరిశీలనగా చూశాను.

"ఎవడ్రా అది? ఇల్లు తగలబడిందా ఏంటి, అలా మోగిస్తున్నావు?"

బాబాయ్ గొంతు. నేను మాట్లాడలేకపోయాను.

"మాట్లాడవేం రా?"

"బాబాయ్, నేను."

"నువ్వా? పిల్ల నచ్చలేదని చెప్పడానికి నన్ను పనిలోంచి లేపావా? ఆ ముసలాడేమో గ్లాసు కడగడానికి పోయాడు. నాలుగో బెల్టు సగం ఎక్కించి వదిలేసి..."

అక్కడ ఆగిపోయాడు. ఫోనులో, ఆయన వెనక ఎక్కడో, దూరంగా, ముందొక మూలుగు లాంటిది వినపడింది. తర్వాత ఇనుము గోడని కొట్టిన చప్పుడు. తర్వాత నాకు బాగా తెలిసిన చప్పుడు, నేను ఏడాదిగా వింటున్నది, మిషను తిరిగే చప్పుడు.

"వీడు మళ్ళీ నొక్కాడు," అన్నాడు బాబాయ్, చాలా నెమ్మదిగా. "ఇవాళ వీణ్ణి చంపేస్తా."

"బాబాయ్, తాత కాదు. నేను."

"నువ్వు వినుకొండలో ఉన్నావుగా?"

"ఉన్నా."

"అక్కణ్ణుంచి నొక్కావా?"

"లేదు. మూడు వారాల కిందట నొక్కాను."

నేను అడగకుండా ఉండలేక అడిగాను. "బాబాయ్, చేతులు ఉన్నాయా?"

"ఫోను దేంతో పట్టుకున్నాననుకున్నావు?" అని పెట్టేశాడు.

బూత్ ఆయన గ్లాసుతో మంచినీళ్ళిచ్చాడు. ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదన్నాను. నా మొహం అతనికి నమ్మకం కలిగించలేదు.

పెళ్ళిచూపుల సంగతి ఇక్కడే ముగించేస్తాను. చెప్పులు తిరిగిచ్చి, క్షమించమని చెప్పి, అమ్మని తీసుకుని దొరికిన బస్సెక్కాను. పెళ్ళికొడుకు ఫోను కోసం మధ్యలో అలా పరిగెత్తాడంటే గుంటూరులో ఎవరో ఉన్నారని వాళ్ళు నిర్ధారించుకున్నారట. ఉన్నది బాబాయ్ అని మధ్యవర్తితో చెప్పించాను. ఉపయోగం లేకపోయింది. నన్ను మూడు వారాల్లో ఎవరూ అడగని ప్రశ్న అడిగిన అమ్మాయి అలా చేజారింది. ఆమె వైపునుంచి చూస్తే అది మంచి నిర్ణయమే.

బస్సు గుంటూరు చేరేదాకా నాకు రెండు భయాలు. ఒకటి, బాబాయ్ ఫోను పెట్టాక మళ్ళీ వెళ్ళి ఆ చక్రం మీద చెయ్యి వేశాడేమోనని. రెండోది, వెయ్యలేదేమోనని. వెయ్యకపోతే నాకోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

ఎదురుచూస్తూనే ఉన్నాడు. మిషన్ రూములో ఇంకా వెలుతురు ఉంది, కిటికీలోంచి వస్తున్న ఎండది. మెయిన్ హ్యాండిలు దించేసి ఉంది. ఆయన గోడవైపు చూపించాడు. మనిషి తల ఎత్తున సిమెంటు పెచ్చు ఊడిపోయి, లోపలి ఇటుక కనపడుతోంది. దాని కింద నేలమీద బెల్టు ఎక్కించే ఇనప బద్ద. మూరెడు పొడవుంటుంది. మధ్యలో వంగిపోయింది.

"బెల్టుకింద పెట్టి వదిలేసి వచ్చా, నీ ఫోను ఎత్తడానికి. రెండు మూడుసార్లు మోగితే లేవకపోదును. ఆపకుండా మోగించావు కాబట్టి లేచా, ఎవడో గానీ తిడదామని."

నేను ఆ ఇటుక వైపే చూస్తున్నాను.

"ఇప్పుడు చెప్పు. అసలేం జరిగింది?"

చెప్పాను. పదకొండు లైన్లూ చెప్పాను. ఎర్ర బటను నొక్కితే దానికి అది కరెంటు పోయినట్టే కనపడుతుందని చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా, పరీక్షలో కాపీ కొట్టి దొరికినవాడి గొంతులా ఉంది.

"ఎన్నిసార్లు చేస్తుంది అట్లా?"

"అయ్యేదాకా, బాబాయ్."

"నా చెయ్యి అడ్డం ఉంటే?"

"అప్పుడూ అయ్యేదాకానే."

"ఎవరు చెప్పారు దానికి అట్లా చెయ్యమని?"

"నేనే."

ఆయన తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. బయటికెళ్ళి, గేటు దగ్గర కూర్చున్న తాతతో, "నువ్వు కాదంట," అన్నాడు. ఆయన నోటినుంచి ఎవరికైనా క్షమాపణ రావడం నేను విన్నది అప్పుడే. తాత, "నేను ముందే చెప్పానుగా," అని రెండు రోజుల పాటు కనపడిన ప్రతివాడికీ చెప్పాడు.

సోమవారం ఓనరు గారితో కూడా చెప్పేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన మొత్తం విని, "ఎవరికీ ఏమీ కాలేదుగా," అన్నారు. కాలేదన్నాను. కాసేపాలోచించి, "ఆ అరగంటని పావుగంట చెయ్యొచ్చా? కరెంటు పోయినప్పుడు సరుకు వేడెక్కుతోంది," అని అడిగారు. నాకు బాబాయ్ మిషన్ రూముకంటే ఓనరు గారి ఏసీ గదిలోనే ఎక్కువ భయం వేసింది.

రెండు రోజులు కూర్చుని కొత్తగా రాశాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్ర బటనునుంచి కంప్యూటరుకి ఇంకో తీగ వేయించాను. ఈసారి తీగ ఎటునుంచి ఎటు వెళుతోందో టార్చి పట్టుకుని నిజంగానే చూశాను. ఇప్పుడు ప్రోగ్రాముకి ఫెయిల్డ్ అనే ఒక్క మాట కాదు, రెండు మాటలు తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే రాశాను. 'ఆగింది' అయితే అరగంట చూసి మళ్ళీ ప్రయత్నించు. 'ఆపారు' అయితే అక్కడితో సరి. ఆపిన మనిషే వచ్చి పచ్చ బటను నొక్కేదాకా, ఎన్నాళ్ళైనా సరే, కదలకు.

బాబాయ్‌కి చెప్పాను. విన్నాడు. కంప్యూటరు తెరని చూపించబోయాను.

"అది నాకెందుకు? రా."

మిషన్ రూముకి తీసుకెళ్ళాడు. మిషను తిరుగుతోంది. ఎర్ర బటను నొక్కాడు. చక్రం నెమ్మదించి, బెల్టులు ఒక్కొక్కటే కంటికి కనపడి, నిలబడిపోయింది. గోడ గడియారం చూశాడు. మెయిన్ హ్యాండిలు ముట్టుకోలేదు. లైట్లన్నీ వెలుగుతున్నాయి.

"చెయ్యి పెట్టు."

"ఎక్కడ?"

"నేను పెట్టేచోట."

బెల్టు చక్రం మీదకి ఎక్కే చోట, కింద వేళ్ళు దూర్చాను. ఇనుము ఇంకా వేడిగా ఉంది. రబ్బరు వేళ్ళమీద మెత్తగా కూర్చుంది. నా ప్రోగ్రామును పదిసార్లు పరీక్షించానని ఆయనతో అన్నాను. "దేంతో?" అన్నాడు. కంప్యూటరు మీద అన్నాను. ఊఁ అన్నాడు.

అరగంట ఎంత పొడవుంటుందో నాకు తెలుసనుకున్నాను. పరీక్ష హాల్లో చివరి అరగంట చూశాను, రైళ్ళ కోసం చూసిన అరగంటలున్నాయి. ఇది వేరే జాతి. ఐదో నిమిషంలో నాకొక సందేహం వచ్చింది, ఎర్ర బటను తీగ గట్టిగా బిగించారా అని. ఊడితే దానికి ఆపినట్టు తెలియదు. ఆగినట్టే తెలుస్తుంది. తొమ్మిదో నిమిషంలో ఒక లైను చివర నేను రాసిన ఒక గుర్తు గుర్తుకొచ్చి, అది సరిగ్గా పెట్టానో లేదో జ్ఞాపకం రాలేదు. పన్నెండులో చెయ్యి తిమ్మిరెక్కింది. గదుల వైపునుంచి ఏదో ఫ్యాను తిరిగినట్టు వినపడింది. రన్ మొదలైతే ముందు తిరిగేవి ఫ్యాన్లు. చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది కానీ దాన్ని కదపాలన్నా భయమేసింది.

"ఏంటి చప్పుడు బాబాయ్?"

"రోడ్డుమీద ట్రాక్టరు."

ఇరవై ఎనిమిదో నిమిషానికి నేను గడియారం చూడటం మానేసి ఆయన మొహం చూస్తున్నాను. ఆయన గడియారాన్ని చూస్తున్నాడు. ఇరవై తొమ్మిది. కళ్ళు మూసుకున్నాను. నా వేళ్ళ కింద చక్రం వణికినట్టనిపించింది. వణికింది నేనే.

"అరగంటయింది," అన్నాడు.

మిషను కదల్లేదు. గదిలో గడియారం చప్పుడు, నా ఊపిరి చప్పుడు. నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"తియ్యకు," అన్నాడు బాబాయ్. స్టూలు లాక్కుని, నా ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. "ఒక్కసారికి ఊరుకునే రకం కాదని నువ్వే చెప్పావుగా. ఇంకో అరగంట చూద్దాం."

చెయ్యి అలాగే ఉంచాను.